ఆ నవల పిల్లల్ని పాడు చేసిందా?

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పే టీచర్ గారు పంపిన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకు నలభై దాటాయి. డిగ్రీలో చదివినప్పటి నుంచి విలియం గోల్డింగ్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ నవలంటే ప్రాణం. యుద్ధకాలంలో విమానం కూలి, పెద్దవాళ్ళెవరూ లేని దీవిలో కొందరు ఇంగ్లిష్ అబ్బాయిలు చిక్కుకుపోతారు. మొదట్లో సభ పెట్టుకుంటారు, నాయకుణ్ణి ఎన్నుకుంటారు, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని నియమం పెట్టుకుంటారు. తర్వాత వేట మోజులో పడతారు, ముఖాలకు రంగులు పూసుకుంటారు, చివరికి తమలో ఇద్దర్ని చంపేస్తారు. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల చేత ఆ నవల చదివించాలనుకున్నారు టీచర్ గారు. పూజగదిలోని శంఖం తీసుకెళ్ళి మరీ సభ సన్నివేశం వేయించారు. ఎప్పుడూ పుస్తకం ముట్టని పిల్లలు కూడా తర్వాత ఏమవుతుంది మేడమ్ అని వెంటపడ్డారట.

అదే తరగతిలో కళ్ళద్దాలు పెట్టుకునే, కాస్త బొద్దుగా ఉండే అబ్బాయి ఒకడున్నాడు. ఆస్తమా ఉంది, జేబులో ఎప్పుడూ ఇన్హేలర్ ఉంటుంది. నవలలో పిగ్గీ అనే అబ్బాయి కూడా అచ్చం అలాగే ఉంటాడు. వారం తిరక్కుండానే వీడికి ఆ పేరు పడిపోయింది. ‘పాత్రల్ని ఎంత బాగా పట్టుకున్నారో అని మొదట సంతోషించాను’ అని టీచర్ గారు రాశారు. తర్వాత స్కూల్ బస్సులో కళ్ళద్దాలు లాక్కుని దాచడం మొదలైంది. ఒకరోజు మెట్ల దగ్గర ఏడెనిమిది మంది వాణ్ణి చుట్టుముట్టి, నవలలో వేటగాళ్ళు అరిచే ‘కిల్ ద పిగ్’ అరుస్తూ తోశారు. ఇన్హేలర్ ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి విసురుకున్నారు. ఊపిరాడక వాడు కూలబడితే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఆ మర్నాటి నుంచి అబ్బాయి స్కూలుకు రావడం లేదు. వాడు చదివేది ఫీజు రాయితీ మీద. తల్లి ఒక్కతే, బట్టలు కుట్టి పెంచుతోంది. ‘గొడవ వద్దు మేడమ్, సీటు పోతుంది’ అంటోందట.

ఆ గుంపును నడిపించినవాడు టీచర్ గారి ఆడపడుచు కొడుకు. ‘పిల్లలాటను నువ్వే పెద్దది చేస్తున్నావు’ అని వదిన మాటలు మానేసింది. ప్రిన్సిపాల్ నవల ఆపించారు, ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ‘ఆటలో భాగంగా జరిగిన చిన్న ఘటన’ అని రాసి సంతకం పెట్టమంటున్నారు. భర్తేమో ‘అదుపు లేకపోతే మనుషులందరూ జంతువులే, నీ పుస్తకం చెప్పింది నిజమేగా’ అంటున్నారు. ఆవిడకు నిద్ర పట్టడం లేదు. పిల్లల్లోని మృగాన్ని నేనే లేపానా? గోల్డింగ్ చెప్పిందే నిజమా? సంతకం పెట్టాలా, ఉద్యోగం మానేయాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో నవల గురించి, మీ బాధ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడో మాత్రం లేదు. తప్పు పట్టడానికి అనడం లేదు. భరించలేనిది ఎదురైనప్పుడు మనసు పెద్ద పెద్ద ప్రశ్నల వైపు వెళ్ళిపోతుంది. మనిషి స్వభావం ఏమిటన్న ప్రశ్నకు ఈ వారం జవాబు దొరక్కపోతే కొంపలేమీ మునగవు. ఆ పిల్లవాడి సంగతి మాత్రం ఈ వారమే చూడాలి.

ఆస్తమా ఉన్న పిల్లవాడి దగ్గర ఇన్హేలర్ లాక్కోవడం ఏడిపించడం కిందకు రాదు, ప్రాణం మీదకు తెచ్చే పని. మీ మనసులో ఇది స్పష్టంగా ఉంటే మిగతా నిర్ణయాలు కొంత తేలికవుతాయి. తల్లిని అడిగి, ఆవిడ సరేనంటే వాళ్ళింటికి వెళ్ళండి. వెళ్ళగానే ఏం జరిగిందో చెప్పమని విచారణ మొదలుపెట్టకండి. జరిగింది తప్పని, అందులో వాడి తప్పేమీ లేదని, ఆ పేరు మొదటిసారి విన్నప్పుడే మీరు ఆపి ఉండాల్సిందని చెప్పండి. వాడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే ఇంకోసారి వెళ్ళండి. నిద్రలో ఉలిక్కిపడుతున్నా, తిండి మానేసినా, స్కూలు పేరెత్తితే ఆయాసం వస్తున్నా పిల్లల డాక్టరుతో పాటు మానసిక వైద్యుణ్ణి కూడా చూపించమని చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఫీజు రాయితీకి ఢోకా లేదన్న మాట యాజమాన్యం చేత చెప్పించగలిగితే ఆ తల్లికి సగం భయం పోతుంది. అంతవరకు ఆవిడను ధైర్యంగా ఉండమనడం న్యాయం కాదు, పోయేది ఆవిడ కొడుకు చదువు.

ఇక నవల దగ్గరకు వద్దాం. మీకు నాకంటే బాగా తెలిసిన పుస్తకమే. అయినా మొదటి అధ్యాయం మరోసారి తీయండి. లావుపాటి అబ్బాయి, తర్వాత నాయకుడిగా ఎన్నికయ్యే రాల్ఫ్‌తో, స్కూల్లో తనను పిలిచే పేరుతో మాత్రం ఇక్కడ ఎవరూ పిలవకూడదని చెప్పుకుంటాడు. అదేం పేరని రాల్ఫ్ అడుగుతాడు. ‘పిగ్గీ’. వేరేవాళ్ళకు చెప్పొద్దని బతిమాలుకుంటాడు కూడా. కాసేపటికి అందరూ పోగయ్యాక, తర్వాత వేటగాళ్ళకు నాయకుడయ్యే జాక్ వాణ్ణి లావుగాడా అంటే, వాడి అసలు పేరు పిగ్గీ అని రాల్ఫే చెప్పేస్తాడు. అందరూ పగలబడి నవ్వుతారు. అప్పటికి రంగులు లేవు, ఈటెలు లేవు, ఆకలి లేదు. చెప్పింది వేటగాడు జాక్ కాదు, కథలో మనం మంచివాడనుకునే రాల్ఫ్. పైగా ఆ పేరు దీవిలో పుట్టింది కూడా కాదు. ఇంగ్లండులో, టీచర్లూ గంటలూ యూనిఫారాలూ ఉన్న స్కూల్లో పెట్టిన పేరు. నవల అయిపోయేదాకా వాడి అసలు పేరు మనకు తెలియదు, ఎవరూ అడగరు కాబట్టి.

మీ వారు ఆ నవలను ‘అదుపు పోతే మనిషి జంతువు’ అన్న ఒక్క ముక్కగా గుర్తుపెట్టుకున్నారు. చాలామంది అలాగే గుర్తుపెట్టుకుంటారు. మరి మీ స్కూల్లో అదుపు ఎక్కడ పోయింది? ప్రిన్సిపాల్ ఉన్నారు, బస్సులో ఆయా ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, తరగతిలో మీరున్నారు. నియమాలన్నీ గోడల మీద రాసే ఉన్నాయి. అన్నీ ఉండగానే ఇది జరిగింది. నాలుగో అధ్యాయంలో రోజర్ అనేవాడు ఒక చిన్న పిల్లవాడి మీదకు రాళ్ళు విసిరే సన్నివేశం ఉంది కదా, నాకు ఆ నవలలో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ అది. వాడు తగిలేలా విసరడు. పిల్లవాడి చుట్టూ కొంత జాగా వదిలి విసురుతాడు. అమ్మానాన్నలు, స్కూలు, పోలీసు, చట్టం, ఇవన్నీ కనబడకుండానే ఆ జాగాను కాపలా కాస్తున్నాయి. తర్వాత తర్వాత ఆ జాగా తగ్గిపోతుంది, చివరికి పిగ్గీ మీదకు బండరాయి దొర్లించేది ఈ రోజరే. మీ తరగతిలోనూ ఆ అబ్బాయి చుట్టూ అలాంటి జాగా ఉండేది. పేరు పెట్టినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, కొంత తగ్గింది. కళ్ళద్దాలు దాచినప్పుడు ఆయా నవ్వి ఊరుకుంది, ఇంకొంత తగ్గింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి మృగాన్ని మీరు లేపారా అంటే, లేదు. పుస్తకానికి అసలు సంబంధమే లేదని కూడా అనలేను. పేరు అందులోంచే వచ్చింది, ఆ అరుపూ అందులోంచే వచ్చింది. ఆ పిల్లవాడిలాంటి పిల్లవాడు తరగతిలో ఉన్నప్పుడు ముందుగా ఆలోచించాల్సిన విషయమే. కానీ ఆ నవల లేకపోతే వాళ్ళు ఏదో సినిమాలోంచి ఇంకో పేరు తెచ్చేవాళ్ళు.

గోల్డింగ్ ఎవరికి జవాబుగా ఈ నవల రాశాడో కూడా చూడండి. ఆయన సాల్స్‌బరీలో మగపిల్లల స్కూల్లో టీచరు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చి, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటూ రాసిన నవల ఇది, 1954లో అచ్చయింది. దానికి దాదాపు వందేళ్ళ ముందు, 1857లో, బాలంటైన్ రాసిన ‘కోరల్ ఐలండ్’ వచ్చింది. అందులోనూ ఇంగ్లిష్ అబ్బాయిలు దీవిలో చిక్కుకుంటారు, కానీ బుద్ధిమంతులుగానే ఉంటారు. చెడు అంతా బయటి నుంచి, దొంగలూ నరమాంసం తినేవాళ్ళ రూపంలో వస్తుంది. గోల్డింగ్ రాల్ఫ్, జాక్ అనే పేర్లను అక్కడి నుంచే తీసుకున్నాడు. చెడు పరాయివాళ్ళది, మేం మాత్రం మంచివాళ్ళం అన్న ఇంగ్లిష్ ధీమాను ఆయన దెబ్బ కొట్టాడు. చివర్లో పిల్లల్ని కాపాడటానికి వచ్చి, బ్రిటిష్ పిల్లలు ఇంతకంటే బాగా మెలగాల్సింది అన్నట్టు మాట్లాడే అధికారి తానే యుద్ధనౌక దిగి వచ్చినవాడు. యుద్ధం చూసి వచ్చిన ఒక మనిషి తన దేశానికి అద్దం పట్టిన కథ ఇది. లోకంలోని పిల్లలందరికీ ఇదే గతి అని రుజువు చేసే కాగితం కాదు.

రుజువులే కావాలంటే నిజంగా జరిగినదొకటి ఉంది. 1965లో పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశ రాజధానిలో ఉన్న ఒక హాస్టల్ స్కూలు నుంచి ఆరుగురు అబ్బాయిలు చెప్పాపెట్టకుండా ఒక పడవ తీసుకుని సముద్రంలోకి వెళ్ళారు. తుఫాను పట్టింది. 8 రోజులు కొట్టుకుపోయి మనుషులు లేని అటా దీవి చేరారు. అక్కడ దాదాపు 15 నెలలు బతికారు. 1966 సెప్టెంబరులో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పడవ కెప్టెన్ వాళ్ళను చూసేసరికి ఇళ్ళ దగ్గర కర్మకాండలు కూడా అయిపోయాయి. వాళ్ళు పనులు వంతులు వేసుకున్నారు, రాజేసిన నిప్పును ఆరనివ్వలేదు. ఒకడికి కాలు విరిగితే కట్టు కట్టి, వాడి పనులు కూడా తామే చేశారు. ఇద్దరు పోట్లాడుకుంటే చెరోవైపు వెళ్ళి, కోపం తగ్గాక తిరిగి రావాలని నియమం పెట్టుకున్నారు. ఇది మీ వారికి చెప్పండి. అయితే దీన్నిబట్టి మనుషులందరూ దేవుళ్ళని కూడా అనలేం. ఆ ఆరుగురూ ముందే స్నేహితులు, ఒకే స్కూలు. నాయకత్వం కోసం కొట్లాడే జాక్ వాళ్ళలో లేడు. నాకు అర్థమైనంతవరకు మనిషి ఈ రెండు దీవుల్లో దేనికైనా చేరగలడు. ఎక్కడికి చేరతాడన్నది పక్కన ఎవరున్నారు, మొదటి వెకిలితనాన్ని ఎవరు ఆపారు అన్నదాని మీద చాలావరకు ఉంటుంది.

ఇప్పుడు నవలను ఏం చేయాలి? పూర్తిగా ఆపేస్తే స్కూలుకు హాయి. కానీ పిల్లలు ఐదో అధ్యాయం దగ్గర ఆగారు. అంటే వేట, రంగులు, అరుపులు మాత్రమే వాళ్ళ తలలో ఉన్నాయి. సైమన్ అనే అబ్బాయి చావు, పిగ్గీ చావు, చివర రాల్ఫ్ ఏడుపు వాళ్ళు చదవలేదు. సైమన్‌ను చంపే గుంపులో రాల్ఫ్, పిగ్గీ కూడా ఉన్నారని, మర్నాడు పిగ్గీ దాన్ని ప్రమాదమని బుకాయిస్తాడని వాళ్ళకు తెలియదు. సగంలో ఆగిన ఈ కథ వాళ్ళకు మజా కథగానే మిగిలిపోతుంది. అలాగని వెంటనే ఆరో అధ్యాయం తెరవకూడదు. ఆ అబ్బాయి ఆ గదిలో కూర్చుని, తనలాంటివాణ్ణి చంపడం అందరితో కలిసి వినాలా? కొనసాగించాలా వద్దా అన్నది ముందు వాణ్ణీ వాళ్ళమ్మనూ అడగాలి. వాళ్ళు వద్దంటే అంతటితో వదిలేయండి, ఎంత గొప్ప నవలైనా సరే. ఊఁ అంటే అరుపులు, నటనలు లేకుండా చదివించండి, మొదటి అధ్యాయంలో నవ్వినవాళ్ళెవరన్న ప్రశ్నతో మళ్ళీ మొదలుపెట్టి.

వద్దంటే చెప్పుకోవడానికి మన ఊళ్ళోనే కథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించి, కొమ్మ మీద మీరున్నారు, కింద ఇంకొకరు చెయ్యి చాపారు, కొమ్మ ఆగుతుందో లేదో తెలియదు, ఏం చేస్తారో రాయమనండి. ఏది రాసినా మార్కులు వేయకండి. గొప్పలు పోకుండా నిజంగా ఆలోచించి రాసినవి వస్తాయి.

తరగతిని మళ్ళీ కలపడానికి ఉపన్యాసం పనికొస్తుందని నేను నమ్మను. ఆ నవల వచ్చిన ఏడాదే, 1954 వేసవిలో, అమెరికాలో ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 22 మంది అబ్బాయిలతో ఒక క్యాంపు నడిపాడు. రెండు జట్లుగా విడదీసి, బహుమతుల పోటీలు పెడితే కొద్ది రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. కలిపి కూర్చోబెట్టి భోజనం పెడితే అన్నం విసురుకున్నారు. నీళ్ళ సరఫరా ఆగిపోయినప్పుడు, ఆహారం తెచ్చే ట్రక్కు కదలనప్పుడు, అందరూ కలిసి బాగుచేయాల్సి వచ్చాకే పగ తగ్గింది. అంతకు ముందు ఏడాది ఆయనే ఇంకో క్యాంపులో పిల్లల మధ్య చిచ్చు పెట్టబోతే, వాళ్ళు ఎంతకీ కొట్టుకోకపోయేసరికి దాన్ని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. పెద్దవాళ్ళు ఎలాంటి ఏర్పాటు చేశారన్నదే రెండుచోట్లా కీలకం. మీ స్కూల్లోనూ ఆ గుంపును చీల్చి, సైన్స్ ఫెయిరో లైబ్రరీ సర్దడమో, ఒకరి పని లేకపోతే ఇంకొకరిది సాగని పనులు ఇవ్వండి. కాకపోతే ఆ అబ్బాయి సిద్ధమయ్యాకే, వాడు సరేనన్నవాళ్ళతోనే.

సంతకం సంగతి. భాగవతంలో యాదవ కుర్రాళ్ళు సాంబుడికి గర్భిణి వేషం వేసి మునుల్ని ఏడిపించిన కథ గుర్తుంది కదా. ఆకతాయి ఆట. శాపం వల్ల రోకలి పుట్టింది. పెద్దలు భయపడి, అరగదీసి ఆ పొడిని సముద్రంలో కలిపించారు. అదే ఒడ్డుకు కొట్టుకొచ్చి తుంగగా మొలిచింది, ఆ తుంగతోనే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని చచ్చారు. ప్రిన్సిపాల్ మిమ్మల్ని అడుగుతున్నది ఆ పొడి కలపడమే.

రాసిచ్చేస్తే ఉద్యోగం, వదినతో మాటలు రెండూ నిలుస్తాయి. కానీ రేపు ఆ అబ్బాయికి ఇంకేదైనా అయితే ఆ కాగితం మీద పేరు మీది, ప్రిన్సిపాల్‌ది కాదు. ఏమీ రాయకుండా నాన్చితే కొన్నాళ్ళు నడుస్తుంది, ఈలోగా ఇంకెవరి చేతనైనా రాయించుకుంటారు. మూడో దారి, మీరే రాయండి, జరిగింది జరిగినట్టు. తేదీ, చోటు, ఇన్హేలర్, వాచ్‌మన్ వచ్చిన సంగతి. ‘ఆట’ అన్న మాటా వద్దు, ‘దాడి’ అన్న మాటా వద్దు. మీ స్కూలు సీబీఎస్ఈదైతే, 2015లో ఆ బోర్డు పంపిన సర్క్యులర్ ప్రకారం స్కూళ్ళలో వేధింపులను చూడటానికి కమిటీ ఉండాలి. విచారణ దానికి అప్పగించమని, బంధుత్వం ఉంది కాబట్టి మిమ్మల్ని అందులో కూర్చోబెట్టవద్దని అదే కాగితంలో రాయండి. ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. యాజమాన్యం చిరాకు పడుతుంది, ఇంక్రిమెంటు ఆగవచ్చు. ఇంట్లో ఈ ఖర్చు గురించి ముందే మాట్లాడుకోండి.

ఆ కాగితం ఇచ్చే ముందు మీ వదిన ఇంటికి వెళ్ళి, రాయబోతున్నానని చెప్పండి. అనుమతి అడగడానికి కాదు, ఇంకొకరి నోటి నుంచి వినకూడదని. ఆవిడ కోపగించుకుంటుంది, ఈసారి బతుకమ్మకు మీ ఇంటికి రాకపోవచ్చు. మీ వారు ఆ గంటసేపు మీ పక్కన కూర్చుంటే బాగుంటుంది, వాళ్ళక్కయ్య కదా. మనుషులందరూ జంతువులే అనేసి ఆయన ఈ పని నుంచి తప్పుకోలేరు.

మీ మేనల్లుడితో మాత్రం జాగ్రత్తగా మాట్లాడండి. ఉత్తరంలో వాణ్ణి మీరు ‘మా ఇంటి జాక్’ అన్నారు. వాడికి పద్నాలుగేళ్ళు. ఒక పిల్లవాడికి పుస్తకంలోని పేరు తగిలిస్తే ఏమవుతుందో మీ తరగతిలో చూశారు, రెండోవాడికి తగిలించకండి. మెట్ల దగ్గర ఏం చేశాడో వాడి నోటితోనే, మొదటి నుంచి చివరిదాకా చెప్పించండి. సాకులు చెబితే మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత ఆ పిల్లవాడికి వాడేం చేయాలన్నది వాడినే ఆలోచించమనండి. క్షమాపణ చెప్పించడానికి తొందరపడి వాణ్ణి ఆ ఇంటి ముందు నిలబెట్టకండి. ఆ అబ్బాయి వాణ్ణి చూడ్డానికి ఇష్టపడతాడో లేదో మీకింకా తెలియదు.

ఉద్యోగం మానేసే ఆలోచన కనీసం ఈ విద్యాసంవత్సరం చివరిదాకా పక్కన పెట్టమంటాను. కాగితం ఇచ్చాక కూడా కమిటీ వేయకపోతే, లేదా ఆ అబ్బాయి రాయితీ మీద చెయ్యి వేస్తే, అప్పుడు మానేయడానికి సరైన కారణం ఉంటుంది, అప్పుడు ఆ తల్లి తరఫున బయట ఫిర్యాదు చేయడానికి మీకు స్వేచ్ఛ కూడా ఉంటుంది. పిల్లల కోసం ఉన్న 1098కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఇప్పుడే వెళ్ళిపోతే మాత్రం ఆ పేరు ఎప్పుడు మొదలైందో, అది మెట్ల దాకా ఎలా వెళ్ళిందో తెలిసిన పెద్ద మనిషి ఆ తరగతికి ఎవరూ మిగలరు.